ఓబులమ్మకు సముద్రం చూపించిన శుక్రవారం

నాకు కాలు ఒకచోట నిలవదు. పెళ్ళయి దోహా వచ్చిన ఈ మూడేళ్ళలో నా నడకంతా మా ఫ్లాటు నుంచి కార్నిష్‌కి, కార్నిష్ నుంచి ఫ్లాటుకి. సాయంత్రం అక్కడి సముద్రపు రాతి గట్టు మీద కూర్చోవడం, వెస్ట్ బే చివర ఒంటరిగా నిలబడ్డ పెద్ద హోటలు వైపు కాసేపు చూడడం, వంటకి వేళయిందని లేచి రావడం. "ఇంకెక్కడికైనా వెళ్దామండీ" అంటే మావారు డ్రాయింగు బల్ల మీంచి తలెత్తకుండానే "ఎక్కడికెళ్ళినా ఇసుకేగా. దానికి టాక్సీ డబ్బులెందుకు?" అంటారు. ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఈ దేశాన్ని కాగితం మీద గీసేశారు కాబట్టి ఇక కళ్ళతో చూడనక్కర్లేదని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పించింది ఓబులమ్మ. కిందటి నెల ఆసుపత్రిలో వరసలో కూర్చుని ఉండగా, నా వెనక ఎవరో ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఊరుకోబెడుతూ "ఏడవగాకు నాయనా, సూదీ లేదు గీదీ లేదు" అన్నారు. ఒక్క ఉదుటున వెనక్కి తిరిగాను. నల్ల బుర్ఖా, చంకలో అరబ్బు పిల్లవాడు, ముఖంలో మాత్రం పదహారణాల రాయచోటి. నేను "తెలుగువాళ్ళా?" అన్నానో లేదో ఆమె నా చెయ్యి పట్టేసుకుంది.

"రెండేండ్లాయ అక్కా, మన మాట ఇని. మా ఇల్లు ఉత్తరాన, షమాల్లో. ఈ బిడ్డోళ్ళ ఇంట్లోనే పని."

"మదీనత్ అల్ షమాలా? అదృష్టవంతురాలివి. మీకు మూడువైపులా సముద్రమేగా!" అన్నాను. నేను కాకినాడ పిల్లని. సముద్రం పేరెత్తితే నా నోరు ఆగదు.

"ఉండాదంట. గాలి తిరిగితే వాసన గూడా వస్తాది. నేనైతే సూళ్ళేదు" అంది ఓబులమ్మ. "గేటు లోపలే గదక్కా మన బతుకు. కారెక్కితే అద్దాలకు నల్ల కాయితం. పుట్టినకాడ్నుంచి సముద్రమే సూళ్ళేదు నేను. బొంబాయిలో ఇమానమెక్కింది గూడా రేత్రిపూటే. వచ్చే నెల ఎగ్రిమెంటు అయిపోతాది, ఊరికి పోతాండా. కువైట్ సముద్రం ఎట్టుండాదే అని అడుగుతారు. మావోళ్ళకు ఏ దేశమైనా కువైటే. ఏం జెప్పల్ల నేను?"

నవ్వుతూనే చెప్పింది, కానీ నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఇంతలో ఆ ఇంటి కోడలు మందుల సంచితో వచ్చింది. నన్ను చూసి నవ్వి, ఇంగ్లీషులో "ఓ శుక్రవారం మా ఇంటికి భోజనానికి రండి" అని ఫోన్ నంబరు కూడా ఇచ్చింది. ఓబులమ్మ చెవిలో "నేనొచ్చి నీకు సముద్రం చూపిస్తాను" అని మాటిచ్చేశాను. ఇంటికొచ్చి చెబితే మావారు నెత్తి కొట్టుకున్నారు. "వాళ్ళు మాటవరసకి పిలిచారోయ్." మాటవరసకి పిలిచినా పిలుపు పిలుపే కదా? ఫోన్ చేశాను. రమ్మన్నారు. ఓబులమ్మకి ఆదివారం విమానం అని కూడా అప్పుడే తెలిసింది. అంటే మిగిలింది ఆ ఒక్క శుక్రవారమే.

జనవరి చలి. పొద్దున్నే ఏడింటికి సూక్, అంటే పాత బజారు, దగ్గరికి చేరాం. షమాల్‌కి బస్సులు లేవు. జనం కూడితే బయల్దేరే షేర్ టాక్సీలున్నాయి, మనిషికి పది రియాళ్ళు. మా టాక్సీ ఒక పఠాన్‌ది, అందరూ ఖాన్ భాయ్ అంటున్నారు. ముందు సీట్లో షమాల్లో కిరాణా దుకాణం నడిపే మలయాళీ ఆయన, ఒళ్ళో పచ్చిమిరపకాయల బుట్ట. వెనక మేమిద్దరం, మా కాళ్ళ కింద ఆయనవే ఉల్లిపాయల సంచులు. నా సంచిలో రెండు డబ్బాలు: ఆ ఇంటికి సున్నుండలు, ఓబులమ్మకి పులిహోర. "యల్లా", అంటే పదండి, అని ఖాన్ భాయ్ గేరు మార్చాడు. నా మనసు టాక్సీ కంటే ముందే పరిగెత్తింది.

ఊరు దాటాక రోడ్డు గీత గీసినట్టు ఉత్తరానికే. అంతకు ముందు వారం వాన పడింది. నేలంతా పల్చటి పచ్చదనం, మడతపెట్టి దాచిన చీర విప్పితే లోపల రంగు కనబడినట్టు. పల్లంగా ఉన్నచోట నీళ్ళు నిలిచాయి. దూరంగా గుడారాలు, వాటి పక్కన ఒంటెలు. "చూశారా, ఇసుకేనన్నారు!" అని మావారి భుజం తట్టాను.

"పచ్చ ఇసుక" అన్నారాయన.

మలయాళీ ఆయన వెనక్కి తిరిగి, హిందీలో, "ఈ రంగు నెల రోజులే మేడమ్. తరవాత వెతికినా దొరకదు. మంచి వారమే చూసుకుని వచ్చారు" అన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా హుషారెక్కింది. మీరూ వెళ్ళాలనుకుంటే వాన పడ్డ వారంలోనే వెళ్ళండి.

ఎనిమిదిన్నర దాటాక షమాల్లో దిగాం. ఖాన్ భాయ్ వేలు చూపించి మరీ చెప్పాడు, ఉర్దూలో: "సాయంత్రం మగ్రిబ్ నమాజు అవగానే ఇక్కణ్ణుంచే బయల్దేరతాను. ఆగను. ఆ తరవాత దోహాకి వేరే బండి దొరకదు." మావారు ఆ మాటని మంత్రంలా మనసులో రాసుకున్నారు. రోజంతా నాకు అప్పజెప్పారు కూడా.

చిన్న ఊరు. ఒక పెద్ద రోడ్డు, మధ్యలో రౌండబౌట్, మసీదు, బడి, మునిసిపాలిటీ భవనం, పెట్రోలు బంకు, ఒక వరస దుకాణాలు. శుక్రవారం పొద్దున కావడంతో ఖాళీ స్థలంలో సంత పెట్టారు. పికప్ బండ్లలో మేకలు, గడ్డి మోపులు, తోటల నుంచి వచ్చిన ముల్లంగి, కొత్తిమీర. మనుషులందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, మేకలు వాళ్ళకంటే గట్టిగా. ఏమీ కొననని ప్రమాణం చేసిన మావారు ఒక మేక ధర అడిగి, సగానికి బేరం పెట్టారు. అమ్మేవాడు ఒప్పేసుకున్నాడు! మేక తాడు చేతిలో పెట్టబోయాడు. దోహాలో మూడో అంతస్తు ఫ్లాటులో మేకని ఎక్కడ కట్టేస్తాం? ఇద్దరం దండాలు పెట్టుకుంటూ రొట్టెల దుకాణంలోకి పారిపోయాం. అక్కడ మట్టి పొయ్యిలోంచి అప్పుడే తీసిన చేటంత రొట్టె, పాలు కాచి కాచి చిక్కబెట్టిన చాయ్. రొట్టె నోట్లో పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చింది.

అక్కణ్ణుంచి అల్ రువైస్ రేవుకి నడక. తిన్నని రోడ్డు, మెల్లగా నడిస్తే ముప్పావు గంట. గాలి ఎదురుకొడుతుంది, శాలువా తప్పనిసరి. నేను ముందు, మావారు వెనక. రేవులో చెక్క పడవలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఒడ్డున మనిషెత్తు ఇనప తీగ బుట్టలు గుట్టలుగా బోర్లించి ఉన్నాయి. చేపల్ని పట్టే బుట్టలట. వాటిని ముడివేస్తున్న బెంగాలీ అబ్బాయిలు నన్ను చూసి, అందులో దూరి చూడమని సైగ చేశారు. దూరాను! బయటికి రావడానికి మావారు చెయ్యందించాల్సి వచ్చింది. "చేప తెలివే నయం" అన్నారు.

రేవు దాటి ఇంకొంచెం పోయాక కేక పెట్టాను. మడ చెట్లు! అచ్చం మా కోరంగి మడ అడవిలో ఉన్నట్టే, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, గుబురు ఆకులు. వాటి అవతల గులాబి రంగు కొంగలు బారులు తీరి ఒంటికాలి మీద నిలబడ్డాయి. ఎన్నాళ్ళకో దగ్గర చుట్టం ఎదురైనట్టు ఆ చెట్ల దగ్గరికి పోయి ఆకులు తడిమాను. నీళ్ళు అప్పటికే వెనక్కి తగ్గుతున్నాయి, పడవలు ఒక పక్కకి ఒరుగుతున్నాయి. సముద్రం పక్కన పుట్టినదాన్ని, అయినా దాని సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

జుమా నమాజు వేళకి దుకాణాలన్నీ మూసేశారు. ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నమాజు అయ్యాక ఆ ఇంటి గేటు ముందు నిలబడ్డాం. లోపలికి రానివ్వగానే మావారిని మగవాళ్ళ గదిలోకి, నన్ను ఆడవాళ్ళ గదిలోకి పంపారు. వెళ్తూ వెళ్తూ ఆయన "మగ్రిబ్, మర్చిపోకు" అన్నారు.

ఓబులమ్మ వంటింటి గుమ్మంలోంచే నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. పులిహోర డబ్బా చేతికిస్తే మూత కొంచెం తెరిచి వాసన చూసి, మళ్ళీ మూసి, కళ్ళొత్తుకుంది. "నిజంగానే వచ్చినావే అక్కా! వచ్చేది లేదనుకుంటి." నిలబడే రెండు ముద్దలు తిని డబ్బాని బియ్యం బస్తా వెనక దాచింది.

ఆ ఇంటి పెద్దావిడని ఓబులమ్మ 'మామా కబీరా' అంటుంది, అంటే పెద్దమ్మగారు. గోడకి ఆనించిన దిళ్ళ మధ్య కూర్చుని ఉంది. ముఖానికి పాతకాలపు ముసుగు. బంగారు మెరుపున్న గట్టి గుడ్డ, కళ్ళకి రెండు చీలికలు. ఆ కళ్ళు నన్ను కాలి గోళ్ళ నుంచి పాపిడి దాకా చూశాయి. ఆవిడకి అరబ్బీ తప్ప రాదు, నాకు అరబ్బీలో పలకరింపులు తప్ప రావు. కోడలు పిల్లల వెంట తిరుగుతోంది. కాబట్టి మా ఇద్దరి మధ్య మాటలు మోసింది ఓబులమ్మే.

చాప మీద పెద్ద పళ్ళెం, కొండంత అన్నం, దాని మీద చేప. తిన్నాను అనడం కంటే తినిపించారు అనడం సబబు. నేను ఒక పక్క ఖాళీ చేస్తుంటే పెద్దావిడ తన చేత్తో ముళ్ళు తీసి చేప ముక్కలు నా వైపు తోస్తోంది. నేను తెచ్చిన సున్నుండ ఒకటి ఆవిడ ముసుగు కింద నుంచి నోట్లో వేసుకుంది, తరవాత ఇంకోటి, ఇంకోటి. ఇదే అదను అనుకుని ఓబులమ్మతో అన్నాను: "అడుగు. ఒక్క గంట నిన్ను నాతో సముద్రం దాకా పంపమని అడుగు."

ఓబులమ్మ ముఖం పాలిపోయింది. తల దించుకుని అరబ్బీలో ఏదో గొణిగింది. పెద్దావిడ తాపీగా "ఇన్షాల్లా" అంది.

"ఏమంది?"

"సూద్దాంలే అనింది అక్కా" అంటూ పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

'చూద్దాంలే' అంటే ఏ భాషలోనైనా ఒకటే.  ఇంత దూరం వచ్చి, సముద్రానికి నడిచి వెళ్ళే దూరంలో కూర్చుని, మాట నిలబెట్టుకోలేకపోతే ఎలా? కాఫీ వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి. గోడ గడియారం రెండు దాటింది. రెండోసారి అడగమందామంటే ఓబులమ్మ నా కళ్ళల్లోకి చూడడం లేదు.

అప్పుడు కోడలు ధూపం తెచ్చింది. చెక్కతో చేసిన చిన్న కుంపటి, లోపల నిప్పులు, వాటి మీద సాంబ్రాణి లాంటిదే ఏదో చెక్క ముక్క. ఘుమఘుమలాడే పొగ. నా ముందు పట్టింది. చీర కొంగుకీ మెడకీ పట్టించుకోమని చేత్తో చూపించింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆహా, ఎంత మర్యాద, భోజనమయ్యాక తలకి సాంబ్రాణి కూడా వేస్తారన్నమాట అనుకున్నాను. పొద్దున తలంటుకుని తడి ఆరకుండానే జడ వేసుకుని వచ్చాను, లోపల ఇంకా చెమ్మగానే ఉంది. కుంపటిని ఆమె చేతుల్లోంచి తీసుకుని తివాచీ మీద పెట్టాను. దానికి వీపు తిప్పి మఠం వేసుకుని కూర్చుని, జడ విప్పి, జుట్టంతా పొగ మీద పరిచాను.

 కోడలు నిలబడ్డచోటే ఉంది. ఓబులమ్మ "అక్కా..." అని, మళ్ళీ పైట నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. దాని భుజాలు ఊగుతున్నాయి. అంతమంది ముందు జడ విప్పినందుకు నవ్వుతోంది కాబోలనుకుని "ఆడవాళ్ళమేగా, ఫర్వాలేదులే" అన్నాను. దాంతో ఇంకా నవ్వింది.

అప్పుడు పెద్దావిడ నవ్వింది. ముసుగు పైకీ కిందకీ కదిలేలా నవ్వింది. మోకాలు పట్టుకుని మెల్లగా వంగి నా వెనక కూర్చుంది. నా జుట్టు రెండు చేతుల్లోకి తీసుకుని, పాయలు పాయలుగా విడదీసి పొగకి పట్టసాగింది. ఆ వేళ్ళ నేర్పు చూస్తే తెలుస్తోంది, అది ఎన్నో తలలకి చేసిన పని. ఏదో అడిగింది.

"నీకెవరు నేర్పినారంటాండాది" అంది ఓబులమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"మా అమ్మ. ఆదివారం తలంటి పోసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన గంప బోర్లించి, దాని మీద జుట్టు ఆరబెట్టేది. ఆ పొగకి నిద్రపోయేదాన్ని."

ఓబులమ్మ చేతులతో గంప గీసి మరీ చెప్పింది. పెద్దావిడ చేతులు ఒక్క క్షణం ఆగాయి. తరవాత చాలాసేపు మాట్లాడింది. ఓబులమ్మ వింటూ విడతలు విడతలుగా నాకు చెప్పింది: "వాళ్ళమ్మా అట్నే చేసేదంట. పాత ఊళ్ళో, ఆడ సముద్రం ఒడ్డున ఇల్లంట. జుమైల్ అంట ఆ ఊరి పేరు. గడప కాడ కుంపటి పెట్టి, సముద్రం గాలికి జుట్టు ఆరబెట్టేదంట. సముద్రం ఇంటి మెట్టు కాడికే వచ్చేదంట అక్కా! సర్కారు ఈడ ఇండ్లు కట్టిచ్చినంక అందరూ వచ్చేసినారంట. ఇప్పుడు ఆడ ఎవరూ లేరంట. ఈయమ్మ ఆడికి పోయి ఏండ్లాయనంట. కొడుకునడిగితే 'ఏముందమ్మా ఆడ, కూలిన గోడలు' అంటాడంట."

'ఎక్కడికెళ్ళినా ఇసుకే' అనే మనిషి పక్కగదిలోనే ఉన్నారని నేను చెప్పబోయాను. కానీ ఓబులమ్మ అప్పటికే ఆవిడ వైపు తిరిగింది. ఈసారి నేనేమీ అడగమనలేదు. దాని సొంత మాటలే, అరబ్బీలో, తడబడుతూ, గుండె మీద చెయ్యి పెట్టుకుని. 'బహర్' అంటే సముద్రమని నాకు తెలుసు. ఆ మాట మూడు నాలుగుసార్లు వినబడింది. చెప్పడం అయ్యాక నాతో అంది: "ఇందాక నేనడగనే లేదక్కా. మళ్ళొకసారి వస్తానంటాండాది అని జెప్తి. బయం. ఇప్పుడడిగినా."

పెద్దావిడ దాని ముఖంలోకి చాలాసేపు చూసింది. రెండేళ్ళు తన ఇంట్లో తిరిగిన మనిషిని కొత్తగా చూస్తున్నట్టు.  ఆవిడ ఓబులమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఆ ఊతంతో లేచి, తలుపు వైపు తిరిగి కొడుకుని కేకేసింది. గోడలు అదిరాయి. చివర్న ఒక్క మాట నాకూ అర్థమైంది: "యల్లా!"

కొడుకు మునిసిపాలిటీలో పెద్ద ఉద్యోగి అని తరవాత తెలిసింది. ఆరడుగుల మనిషి తల్లి ముందు బడిపిల్లాడిలా తలూపి తాళాలు తెచ్చాడు. వెనకే మావారు, చేతిలో సగం తిన్న ఖర్జూరంతో. "ఏం చేశావ్?" అన్నారు నా విరబోసిన జుట్టు చూసి. "సముద్రానికి వెళ్తున్నాం" అని ఆయన కంటే ముందు పెద్ద కారెక్కి కూర్చున్నాను.

ఊరు దాటి పడమటికి మట్టి దారి, కుదుపుల మధ్య ఇరవై నిమిషాలు. పెద్దావిడ తన పక్క అద్దం పూర్తిగా దించమంది. ఓబులమ్మ తల బయటపెట్టి ముక్కుతో గాలిని వెతుకుతోంది. దూరంగా ఒక మసీదు మీనారు కనబడింది. దాని చుట్టూ తేనె రంగు గోడలు. ఊరికి ఊరే ఉంది, మనుషులే లేరు, పైకప్పులే లేవు.

కారు దిగిన పెద్దావిడ పదేళ్ళు చిన్నదైపోయింది. చేతికర్ర ముందుకి చాపి గోడ గోడకీ పేరు చెప్పుకుంటూ పోతోంది, వెనకే ఓబులమ్మ తెలుగులో చెబుతోంది: ఇది ఫలానావాళ్ళది, ఇది ముత్యాల పడవల యజమానిది, ఇక్కడ బావి. గోడల్లో రాళ్ళతో పాటు గవ్వలు, సముద్రపు పగడపు ముక్కలు అతికి ఉన్నాయి. నేను ప్రతి గుమ్మంలోంచీ దూరి బయటికొచ్చాను. 'కూలిన గోడలు' అన్న కొడుకుగారు ఒకచోట హఠాత్తుగా ఆగి, ఒక గోడ ఎక్కి, అక్కణ్ణుంచి చిన్నప్పుడు దూకి గడ్డం చీరుకున్న మచ్చ మావారికి చూపిస్తున్నారు. మావారు జేబులోంచి పెన్సిలు తీసి, సిగరెట్టు పెట్టె వెనక ఇంటి గీత గీయడం మొదలెట్టారు. ఇక ఆయనకి మగ్రిబ్ గుర్తుండదని నాకు తెలిసిపోయింది.

ఊరి చివరి ఇల్లు పెద్దావిడది. గడప, రెండు మెట్లు, వాటి ముందు...

"అక్కా" అంది ఓబులమ్మ. "సముద్రం మాఫీ!"

మాఫీ అంటే అరబ్బీలో లేదని. నిజంగానే లేదు. మెట్ల ముందు బురద, నాచు, చిన్న చిన్న నీటి మడుగులు. కనుచూపు మేరా అదే. ఎక్కడో చివర, ఆకాశం అంచున, ఒక తెల్లటి గీత మాత్రం ఉంది. పొద్దున రేవులో వెనక్కి జారుతున్న నీళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి. ఆటు! కాకినాడ పిల్లనై ఉండి ఆ సంగతి ఆలోచించలేదు. నన్ను నేను తిట్టుకున్నాను. ఓబులమ్మ ఆ బురద వంక చూస్తోంది. పులిహోర వాసనకి కళ్ళొత్తుకున్న మనిషి, ఇప్పుడు ఏడవను కూడా లేదు. నాకది ఇంకా కష్టమనిపించింది. "పద, నడుద్దాం, ఆ గీత దాకా నడుద్దాం" అని చెప్పులు విప్పాను.

పెద్దావిడ కర్ర అడ్డం పెట్టింది. తాను గడప మీద కూర్చుని, అటూ ఇటూ చేత్తో కొట్టి చూపించింది, కూర్చోమని.

గడప మీద! నేనూ ఓబులమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. గడప తొక్కితేనే ఇంట్లో వీపు విమానం మోత మోగేది, అలాంటిది దాని మీద కూర్చోవడమా? ఓబులమ్మ వంగి ఆ రాయిని కళ్ళకద్దుకుంది. "ఏమనుకోగాకు తల్లీ" అని గడపకే చెప్పుకుని కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ముగ్గురం, మధ్యలో పెద్దావిడ.

"మనం పోబల్లేదంట. అదే వస్తాదంట" అంది ఓబులమ్మ.

కూర్చున్నాం. పొద్దు వాలుతోంది. గాలి నా జుట్టుని పెద్దావిడ ముఖం మీదికి కొడుతుంటే ఆవిడ తన చేత్తో పక్కకి తీస్తోంది. ఆ తెల్లటి గీత కొంచెం లావైంది. తరవాత మడుగులు ఒకదాన్నొకటి తాకాయి. తరవాత, ఎప్పుడు మొదలైందో తెలియకుండా, నీళ్ళు నడిచి రావడం మొదలెట్టాయి. కెరటాల్లేవు, హోరు లేదు. పల్చటి అంచు, దాని మీద ఎర్రటి వెలుగు, ఇసుక మీద పాకుతూ, ప్రతి నాచు ముద్దనీ ఎత్తుకుంటూ. ఓబులమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వస్తాంది అక్కా, వస్తాంది, సూడు, వస్తాంది!" నేనూ అరుస్తున్నాను. ఎందుకు అరుస్తున్నానో తెలీదు, పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న సముద్రమే అది. మొదటి మెట్టు తడిసింది. బుర్ఖా పిక్కల దాకా ఎత్తుకుని కాళ్ళు చాపింది ఓబులమ్మ. నీళ్ళు వచ్చి దాని మడమల్ని తాకాయి.

కెవ్వుమంది. వంగి దోసిట్లో పట్టింది, నోట్లో పోసుకుంది, "థూ! ఉప్పు!" అని నవ్వింది. ఇంకో దోసిలి పట్టి పెద్దావిడ పాదాల మీద పోసింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ముసుగు కింద నుంచి ఒక చుక్క జారి చేతి మీద పడింది. తుడుచుకోలేదు.

ఊరి మీనారు మూగదే. కారు రేడియోలోంచి అజాన్ వినబడింది. అప్పుడు గుర్తొచ్చింది మావారికి. "మగ్రిబ్!" అని అరిచి మమ్మల్ని కార్లో తోశారు. మట్టి దారి మీద ఎగిరెగిరి పడుతూ వచ్చేసరికి టాక్సీ ఉన్నచోటే ఉంది. ఖాన్ భాయ్ గడియారం చూపిస్తూ తిడుతున్నాడు, కానీ ఆగాడు. పెద్దావిడ అద్దంలోంచి చెయ్యి చాపి నా చెంప నిమిరింది. కారు కదులుతుంటే ఓబులమ్మ తల బయటపెట్టి అరిచింది:

"అక్కా! ఊళ్ళో అడిగితే ఏం జెప్పల్లో తెలిసిపాయ! సముద్రాన్ని సూడబోతే ఇంట్లో లేకపాయ, గడప మీద కూచుంటే అదే వచ్చె అని జెప్తా!"

తిరుగు ప్రయాణంలో టాక్సీలో మేమిద్దరమే. చీకటి, హీటరు, తడి చీర కుచ్చెళ్ళు. మావారు సిగరెట్టు పెట్టె వెనక గీసిన ఇంటిని లైటర్ వెలుగులో చూసుకుంటున్నారు. కొంతదూరం పోయాక ఖాన్ భాయ్ గాలి పీల్చి, "మంచి ఊద్ ధూపం. పెద్దింటికే వెళ్ళినట్టున్నారు, బెహన్" అన్నాడు.

నేను సంబరంగా చెప్పాను, జుట్టు విప్పడం, పెద్దావిడ పొగ పట్టడం, అంతా. ఖాన్ భాయ్ బండి వేగం తగ్గించి అద్దంలోంచి నా వైపు చూశాడు.

"ధూపం తెచ్చాక కూర్చున్నారా?"

"కూర్చోకపోతే జుట్టుకెలా పడుతుంది?"

"బెహన్, ఇక్కడ ధూపం తెచ్చారంటే పిలుపు అయిపోయిందని అర్థం. అది పట్టించుకుని, సెలవు చెప్పి లేచిపోవాలి. నేను ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. ధూపం చూసి కూర్చున్న మనిషి గురించి ఇప్పుడే వింటున్నాను."

మావారు కడుపు పట్టుకుని నవ్వారు, లైటరు చేతిలోంచి జారిపోయింది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. అందరూ లేచి నిలబడింది నన్ను సాగనంపడానికా! ఓబులమ్మ పైట నోట్లో కుక్కుకుంది అందుకా! దానికి తెలుసు. పెద్దావిడకీ తెలుసు. వెళ్ళమని పెట్టిన పొగకి జడ విప్పుకుని మఠం వేసుకు కూర్చున్న మనిషిని ఇద్దరిలో ఒక్కరూ లేపలేదు. సమయానికి బుద్ధిగా లేచి వచ్చేసి ఉంటే ఓబులమ్మ ఆ మాట అడిగేదే కాదు.

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. దోహా దీపాలు కనబడేదాకా నవ్వుతూనే ఉన్నాను. జుట్టు ముందుకి వేసుకుని వాసన చూశాను. ధూపం, దానికింద ఉప్పు. ఆదివారం ఓబులమ్మ విమానం నెత్తి మీంచి పోయేదాకా నేను తలంటుకోలేదు.